చక్రం కింద రాయి

చీమకుర్తి కాటా గదిలో నా కుర్చీకి మూడు కాళ్లే గట్టివి.
నాలుగోదాని కింద గెలాక్సీ ముక్క పెట్టుకున్నాను,
ఏ దేశంలోనో ఎవరి వంటగట్టుకో పోవాల్సింది.

ఆ రోజు పొదిలి పెళ్లికి పోతున్న కారొకటి
మా ముందు పంచరై ఆగింది. స్టెప్నీలోనూ గాలి లేదు.
మస్తాన్‌వలి వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి
జాకీ ఎత్తుతుంటే
ఆ మనిషి లోపలికొచ్చి ఫ్యాను కింద కూచున్నాడు.
ఇస్త్రీ చొక్కా. ఎడం చెయ్యి మాత్రం ఎండకి కమిలుంది.
ఎదురుగా లారీ పెంచలయ్యకి కుడి చెయ్యి కమిలుంది.

"ఏం జేస్తారు సార్?"
"విమానం నడుపుతా."
మా వైపు రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే కదా,
అడిగేశాను: "జీతమెంతొచ్చిద్ది?"

నవ్వాడు. జీతం కొంచెమేనంట, మిగతాదంతా గంటల లెక్క.
ఆ గంట గోడ మీది గంట కాదంట.
చక్రాల కింద బ్లాకు తీసినప్పుడు మొదలయ్యిద్ది,
మళ్లీ పెట్టినప్పుడు ఆగిపోయిద్ది.
రాత్రి రెండింటికి లేచి గడ్డం గీసుకున్నది,
పొగమంచు విడిచేదాకా కాళ్లు చాపుకుని చూసింది,
అవేవీ అందులోకి రావు.

"మాదీ బ్లాకే సార్" అన్నాడు పెంచలయ్య.
వాడి బ్లాకు ఇరవై ఎనిమిది టన్నులు.
కృష్ణపట్నం గేటు ముందు రెండు రాత్రులు
చక్రం కింద రాయి పెట్టుకుని బండి కింద పడుకుంటాడు.
ట్రిప్పుకి పద్దెనిమిది వందలు.
పడుకున్నందుకు, దోమలకి, ఏమీ లేదు.

"మరి గంటకెంత?"
"ఏడు వేల దాకా."

నాకు నెలకి పద్నాలుగు.
ఆయన హైదరాబాదులో లేచి ఢిల్లీలో దిగేలోపు
అయిపోయింది నా నెల,
ఆదివారాలతో సహా, మబ్బు కింద ఎవరికీ కనపడకుండా.

"నూట ఎనభై ప్రాణాలమ్మా నా వెనకాల" అన్నాడు,
గొప్పకి కాదు, టీ ఊదుకుంటూ.

నాకు కాలిక్యులేటర్ ముందుంటే చెయ్యి ఊరుకోదు.
తలకి, గంటకి, ముప్పై ఎనిమిది రూపాయల ఎనభై తొమ్మిది పైసలు.

మా క్వారీలో మందు పేల్చే యేసురత్నానికి రోజుకి పదకొండు వందలు.
సైరన్ కొట్టాక గుంతలోంచి పైకొచ్చే తలలు లెక్కబెడతాడు.
పదకొండూ వస్తేనే బటన్ నొక్కుతాడు.
ఒకసారి పదే వచ్చినయ్. నీళ్లసీసా మర్చిపోయి
వెనక్కి దిగిన ఒరియా కుర్రాడి కోసం
ముప్పావుగంట ఆపి మేనేజరుతో తిట్లు తిన్నాడు.
వేసి చూశా: తలకి, గంటకి, పన్నెండున్నర.

ఆ కుర్రాడే, వాళ్ల నాన్న పోయాడని ఫోనొస్తే
అప్పుజేసి విమానమెక్కి భువనేశ్వరం పోయాడు.
ఆ కాసేపూ వాడి తల ముప్పై ఎనిమిది ఎనభై తొమ్మిది చేసింది.
కర్మ అయిపోయాక జనరల్ పెట్టెలో నిలబడొచ్చి
మళ్లీ పన్నెండున్నరకి గుంతలో దిగాడు.

ఇదంతా పైకే చదివాను కాబోలు.
ఆ మనిషి చాలాసేపు ఫ్యాను వంక చూశాడు.
"కరోనాలో పద్నాలుగు నెలలు నా బ్లాకు ఎవరూ తియ్యలేదమ్మా.
చదువుకి చేసిన అప్పు కోటి.
బ్యాంకోళ్లు మాత్రం గంటల్లెక్కన అడగలా."

పెంచలయ్య తన బిస్కెట్ ప్యాకెట్
బల్ల మీద ఆయన వైపు జరిపాడు.
ఎందుకు జరిపాడో నేను లెక్కవెయ్యలేదు.
ఆయన రెండు తీసుకున్నాడు.

మస్తాన్‌వలి నూట యాభై అన్నాడు.
అయిదొందలిస్తే మూడొందల యాభై తిరిగిచ్చాడు,
ఎండలో గంటన్నర వాడికీ రాలేదు.

కారెక్కబోతూ ఆగి, వంగి,
వెనక చక్రం కింద రాయి తనే తీశాడు.
తీసి, చేతిలో పట్టుకునే,
వాచీ చూసుకున్నాడు.

దుమ్ము లేచి పడింది.
పెంచలయ్య లారీ పొద్దుటి నుంచీ వరసలో ఏడోది.
దాని కింద రాయి
అట్లాగే ఉంది.