గోడ మీద తేదీ

ఆమదాలవలస అవతల నాగావళి ఒడ్డు ఊళ్లలో
మా అయ్యని డీడీటీ తవిటయ్య అనేవారు.
మంచాలూ గోనెలూ వీధిలో పెట్టించి
లోగోడల నిండా మందు కొట్టి,
పోతూ పోతూ ద్వారబంధం పక్కన
జేగురు ముక్కతో తేదీ వేసేవాడు,
మళ్లీ ఎప్పుడు రావాలో మరిచిపోకుండా.

ఆ ఏడే మా చెల్లి వణుకు ఆగింది.
అది అబద్ధమని నేననను.

ఆర్నెల్లే దాని బలం, అనేవాడు.
ఆ తర్వాత అదెక్కడికి పోతుందో రాయడానికి
అయ్య రిజిస్టర్లో గడి లేదు.

వానకి గోడ కరిగింది.
మట్టితోపాటు కాలవలో పడింది, ఏట్లో పడింది,
కళ్లేపల్లి మొగ దగ్గర
ఉప్పునీళ్లలో చేప కడుపు చేరింది.
మిగిలింది గాలెక్కింది.
వేడి చోట లేచి చలి చోట దిగుతుందట,
ఉలవల కుండ మూతకి లోపల పట్టే చెమటలా.
అలా లేస్తూ దిగుతూ, లేస్తూ దిగుతూ
చెట్టన్నది మొలవని మంచు దాకా.

అక్కడొకామె సీలు కొవ్వు తిని
బిడ్డకి పాలిస్తోంది.
వాళ్లింట మలేరియా పేరే తెలీదు.
ఆ పాలలో మన మందుంది, అయ్యా,
అన్నాను నిన్న రాత్రి, అన్నం పెడుతూ.

ముద్ద కలపడం ఆపాడు.
చాలాసేపటికి, దగ్గు మధ్యలో:
"మరక్కడ తేదీ ఎవులేసినారే, గుంటా?"

జేగురు ముక్క లేకపోయినా
ఎంగిలి వేళ్లు మూడూ
రాతకి కలుసుకున్నాయి.