నెర్రె

పొద్దున ఆరున్నరకి జీపు తలుపు చప్పుడు.
చీమకుర్తి క్వారీలో
ఆ రోజు ఎట్టా గడుస్తుందో మాకు అదే చెప్పేది.
ధడేల్న పడిందా,
కంప్రెసర్ కాడ నరసింగు బీడీ చెవి వెనక్కి పోయేది,
నా హాజరు పుస్తకంలో అంకెలు వంకర తిరిగేవి.

రాఘవులు గారు చెడ్డోడని అనను.
లెక్క తెలిసినోడు, పైసా తినలేదు.
కోపం ఒక్కటే, కాఫీకి ముందూ తర్వాతా.
"నాకు చెప్పేంతటోడివా" అనే మాట
వక్కపలుకులా ఎప్పుడూ బుగ్గన ఉండేది.

మా ఏసోబు మామ
సుత్తితో మూడుసార్లు తడితే చాలు,
రాయి కడుపులో ఏముందో చెప్తాడు.
మంచిదైతే కంచు చెంబులా మోగుద్ది,
నెర్రె ఉంటే తడిసిన డప్పు.

ఆ శ్రావణంలో ఇరవై టన్నుల దిమ్మె.
మామ తట్టాడు. ఆగాడు. మళ్లీ తట్టాడు.
నా వంక చూశాడు.
"ఏందయ్యా ఆడ నాన్చుడు? ఎత్తండి!"
మామ సుత్తి భుజానేసుకుని పక్కకి జరిగాడు.

రంపం కింద అది రెండు చెక్కలైంది.
విచారణకొచ్చిన వాళ్లకి
"మాకు తెలవదు సార్" అన్నాం,
ముప్పై రెండు మందిమి, ఒకటే గొంతుతో.
అంత ఐకమత్యం మాకు ఇంక దేంట్లోనూ లేదు.

తర్వాత పొదిలి నుంచి మస్తాన్‌వలి వచ్చాడు, పాత బండి మీద.
ఒట్టి మతిమరుపు మనిషి.
కళ్లజోడు నెత్తినే ఉంటది, నన్ను వెతకమంటాడు.
జీతాల కాగితం మీద సంతకం రెండ్రోజులు ఆలస్యం.
తిట్టాం, మొహం మీదే.
మొహం మీదే తిట్టామని
నాకు చాన్నాళ్లకి గాని తట్టలా.

ఒక మధ్యాహ్నం దిమ్మెకి చెవి ఆనించి
"నాకేం వినపడ్డంలా మామా, నువ్వు చెప్పు" అన్నాడు.
మామ నమ్మలా.
ఆ రోజు నమ్మలా, ఆ వారమూ నమ్మలా.
పై నెల ఎప్పుడో, అటు తిరిగి, గాలితో అన్నట్టు
"ఇది వద్దులే" అన్నాడు.
వలి సుద్దముక్కతో ఇంటూ గీత గీశాడు.
ఎందుకని అడగలేదు.
ఆ సాయంత్రం మామ నాకు టీ ఇప్పించాడు,
నేను పనిలో చేరాక అదే మొదలు.

మొన్న రాఘవులు గారొచ్చారు,
కూతురి పెళ్లికార్డు ఇయ్యడానికి.
అందరికీ లడ్లు, అందరినీ పేరుపెట్టి పలకరింపు.
నిజంగానే నవ్వాడు పాపం.
జీపు తలుపు మాత్రం
ఎప్పట్లాగే పడింది.

నా పెన్ను ఆగింది.
అవతల ఏసోబు మామ
ఎత్తిన సుత్తిని మెల్లగా దించి
నేలమీద పెట్టాడు,
చప్పుడు కాకుండా.