దిగే లెక్క

కుతైసీలో రియోని నది ఒడ్డున
మూతపడ్డ పట్టుమిల్లు పై అంతస్తు మా హాలు.
జనవరిలో పిల్లల ఊపిరి అద్దాలకి పట్టి
ఎవరి మొహం వాళ్లకే కనపడదు.
నేను డోలు వాయిస్తాను.
పద్దెనిమిదేళ్లుగా అదే మూల, అదే కుంటి కుర్చీ.

మఖ్వాలా వస్తూనే నేలని చూస్తుంది, మనుషుల్ని కాదు.
చెప్పులు విడిచి అరికాళ్లతో తడుముతుంది,
పైకి లేచిన మేకు, జారే మైనం, రాత్రి కారిన తడి.
చెక్క కింద సిమెంటు తగిలిన చోట
సుద్దతో గీత గీస్తుంది.
"గీత దాటి ఎవరూ గెంతొద్దు."

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఏమీ జరగదు.
కీళ్లు తిరుగుతాయి. తుంటి తుప్పు వదులుతుంది.
వెన్ను పూసపూసగా వంగి
పూసపూసగా లేస్తుంది.
నాకు ఆవలింతలొస్తాయి.
"చల్లటి ఒంటితో ఎగిరితే
ఒళ్లు అప్పు రాసుకుంటుంది" అంటుందామె,
"వడ్డీ నలభయ్యో ఏట అడుగుతుంది."
మెట్లు దిగేటప్పుడు చూడాలి
ఆమె ఎడమ మోకాలు వడ్డీ కట్టడం.

మా ఆటలో మగపిల్లలు
కాలివేళ్లు లోపలికి ముడిచి కణుపుల మీద నిలబడతారు,
నేలకీ ఎముకకీ మధ్య పల్చటి తోలు, అంతే.
గాల్లో గిర్రున తిరిగి మోకాళ్ల మీద పడతారు.
జనం ఈలలు వేసేది అక్కడే.
ఆమె మాత్రం మొదటి ఏడాదంతా దిగడమే నేర్పుతుంది.
ముందు వేళ్లు, తర్వాత ముంగాలు, చివరికి మడమ.
మోకాలు లోపలికి వాలకూడదు,
రెండో వేలి మీదుగానే వంగాలి.
"చప్పుడు కాకూడదు.
పిల్లి దూకితే మీ అమ్మ నిద్ర లేస్తుందా?"

"మరి ఎగరడం ఎప్పుడు?" అన్నాడు ఉచా.
పదహారేళ్లవాడు. మెకానిక్ కొడుకు.
"ఎగరడం నీకు వచ్చు.
అదే నా భయం."

ఇక నా సంగతి చెప్పాలి.
బతూమీలో, సముద్రం పక్క వేదిక మీద
జనం చప్పట్లతో తాళం అందుకున్నారు.
నా వేళ్లకి కల్లు తాగినట్టయింది.
రిహార్సల్‌లో కుదిరిన వేగం వదిలేసి
వాళ్ల వెంట పరుగెత్తాను.
ఉచా ఎనిమిదిసార్లు మోకాళ్ల మీద పడాలి.
ఆరోసారి,
నా డోలుది కాని చప్పుడొకటి విన్నాను.
వాడు నవ్వుతూనే ఉన్నాడు.
ఇంకా రెండుసార్లు పడ్డాడు.
నేనూ ఇంకా రెండుసార్లు కొట్టాను.

తెర వెనక, వైను చల్లార్చే బకెట్లోంచి
ఐసు తీసి తువ్వాలులో చుట్టింది మఖ్వాలా.
కాలు ఎత్తున పెట్టింది. బిగుతుగా కట్టింది.
నన్ను ఒక్క మాటా అనలేదు.
ఒకసారి డోలు వంక చూసింది.

మరుసటి ఏడు అదే ఆటని విప్పి మళ్లీ కట్టింది.
టీబల్ల మీద అగ్గిపుల్లలే మనుషులు.
ఇటు మూడు, అటు నాలుగు, వంకర వరస,
ఖాళీ ఎక్కడ ఉండాలో అక్కడ ఖాళీ.
మోకాళ్ల మీద పడటం ఎనిమిది నుంచి ఒకటయింది.
ఆ ఒక్కదానికి ముందు నాలుగు లెక్కలు
డోలు మోగకూడదంది.
మోగించకుండా ఉండటం నెలరోజులు సాధన చేశాను.
చేతులు తొడల మీద పెట్టుకుని,
ఒకటి, రెండు,
లోపల గుండె తొందరపడుతుంటే
దాన్నీ కూర్చోబెట్టి.

తొలి ప్రదర్శన రోజు
ఆ నాలుగు లెక్కల్లో ఎవరో దగ్గారు.
ఒక పాప "అయిపోయిందా?" అంది.
అప్పుడు కొత్త కుర్రాడు గాల్లోంచి దిగాడు,
ఒక్క మోకాలు, దూదిలా.
ఎవరూ ఈల వెయ్యలేదు.
పక్కతెర దగ్గర కర్ర ఆనించుకుని ఉచా
వాడి మడమల్నే చూస్తున్నాడు.

ఇప్పుడు హాల్లో సుద్దగీత ఉచానే గీస్తాడు,
ఆమె కంటే లావుగా.

నిన్న ఆలస్యంగా ఇంటికెళ్లి
చీకట్లో ఆ మూడు మెట్లూ దిగి చూశాను:
వేళ్లు, ముంగాలు, మడమ.
"ఎవరది?" అని లేచింది మా ఆవిడ.