రవంత తెలుపు

పొదలకూరు నిమ్మకాయల యార్డుకి ఎదురుగా
మెట్ల కింద గది నా స్టూడియో.
ఇరవై రెండేళ్లుగా, పెళ్లిచూపులకు ముందే
పెళ్లికూతుళ్లను చూస్తున్నవాణ్ణి నేను.

"అబ్బయ్యా, రవంత తెలుపు చెయ్యి" అంటారు తల్లులు,
కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా.
చేస్తాను.
మౌసు ఒక గీత జరిపితే
చేలో కాసిన నాలుగేళ్ల ఎండ దిగిపోతుంది.
ఇంకో గీతకు మేనత్త పోలిక పోతుంది.
మూడో గీత కాడ ఆపేస్తాను,
అది దాటితే ముక్కు కనపడదు.

మగపిల్లలకు తెలుపు అక్కర్లేదు.
వాళ్లకు మేకుకి తగిలించిన కోటుంది,
ముల్లు కదలని వాచీ ఉంది.
"పక్కన ఆ కారు కూడా పడేట్టు తియ్యన్నా" అన్నవాడికి
వీధిలో ఆగిన కారు ఎవరిదైనా వాడిదే,
డ్రైవరు టీ తాగి వచ్చేదాకా.

యార్డులో ఆడోళ్లు గుట్టల ముందు కూర్చుని
కాయను ఒక్క చూపు చూసి విసురుతుంటారు,
పండు అటు, పచ్చి ఇటు, మచ్చకాయ కాళ్లకాడికి.
కొరికి చూసేవాళ్లు లేరు.

పెంచలరత్నానికి ఏడెకరాల నిమ్మతోట.
మే నెలలో బస్తా ఎనిమిది వేలు పలికిన వారం
వాళ్లమ్మ నా బల్లమీద ఫోటోలు పరిచి
"ఇది పొట్టి, దీనికి ఎత్తుపళ్లు" అంటా
మస్తానమ్మ ఫోటోని పేకముక్కలా బోర్లేసింది:
"నలుపు నాయనా. తోటలో దిష్టిబొమ్మ ఉండనే ఉంది గదా."

కార్తీకంలో బస్తా నాలుగొందలకు పడింది.
కోత కూలి కూడా రాదని
కాయలు చెట్ల కిందే కుళ్లబెట్టారు.
ఆమే వచ్చింది, ఈసారి చెప్పులు బయట విడిచి.
"ఆ పిల్ల ఫోటో ఉందా అబ్బయ్యా?
ఛాయదేముందిలే, సచివాలయంలో ఉద్యోగమంట గదా."

ఉంది.
అది తీసిన రోజు బాగా గుర్తు.
"ఏమీ చెయ్యొద్దన్నా, ఉన్నదున్నట్టు ఉంచు" అందా పిల్ల.
అలవాటుకొద్దీ చెయ్యి మౌసుమీదికి పోయింది.
అద్దంలోంచి చూస్తా ఉంది.
చెయ్యి తీసేశాను,
వేడి గిన్నె తగిలినట్టు.

కబురు పంపితే ఆ పిల్ల అడిగిందంట:
బోర్లో నీళ్లు ఎన్ని అంగుళాలు?
సొసైటీలో అప్పెంత?
కోటు లేకుండా తీసిన ఫోటో ఒకటి ఉందా?
పెంచలరత్నం వాళ్లమ్మ
మూడు రోజులైంది, ఇటు రాలేదు.

రాత్రి అన్నం తింటా ఇదంతా చెప్పాను కామాక్షికి.
నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.

నేనీమె ముఖం చూసి చేసుకున్నానని
ఊరంతా చెప్పుకున్నవాణ్ణి.
మా మామకు బజార్లో ఒక గదుండేది,
అద్దె లేకుండా ఇస్తానన్నాడు,
మెట్ల కింద.
ఆ మాట ఇన్నేళ్లూ పంటికింద నిమ్మగింజ.
ఇయ్యాల బయటికొచ్చేసింది.

ఆమె పులుసు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి
"తెలుసులే" అంది.
"నేను మాత్రం? నీ ఫోటోలో కోటు చూసి
నెల్లూరు కోర్టులో పెద్ద పనేమో అనుకున్నా.
మేకుకున్నదే గదా అది?
మొన్న గుండీ ఊడితే కుట్టాను.
చంకలో కూడా చిరుగుంది, చూసుకున్నావా?"