తలుపులో తలుపు

మా గరాజు తలుపు పెద్దది.
మోటారు మూలుగుతుంటే పలకలు పలకలుగా వంగి
కప్పు కిందికి వెళ్లిపోతుంది.
అందులోనే, కోటగోడకి దిడ్డిలా,
మనిషి పట్టేంత చిన్న తలుపు.
ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.
నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న అక్కాతమ్ముళ్లం,
నేనూ గున్‌వాల్డిసూ కూడా
ఇంచుమించు అంతే.

మార్చి నెల.
త్సేసిస్ దారులు సగం మంచు, సగం బురద.
బర్చ్ చెట్లకి గొట్టాలు దిగ్గొట్టే రోజులు.
బకెట్టు నిండా నీరాతో వాడు
దిడ్డి గడప మీద ఒక కాలు వేశాడు.
బస్సు డిపో నుంచి వస్తూ నేను
మలుపులోనే, కారులోంచే, మీట నొక్కాను
రోజూ నొక్కినట్టే
చూడకుండా.

గడప లేచింది.

గడపలు లేవకూడదు.
ఇక్కడే ఉంటానని మాటిచ్చినవి అవి.

జానెడు లేచేసరికి వాడు బోర్లా పడ్డాడు,
నీరా అంతా సిమెంటు మీద.
టోపీ మాత్రం పిడికి తగులుకుని
తలుపుతో పాటు పైకెళ్లింది.
తెరిచి ఉన్న దిడ్డి పట్టాల వంపులో ఇరుక్కుంది.
బందులు కరకరలాడాయి.
మోటారుకేం పట్టింది, దానికి లాగడమే తెలుసు.

మోకాలికి నాలుగు కుట్లు.
"తలుపు పడకపోతే బస్సు కదలదు కదూ"
అన్నాడు ఆస్పత్రి బల్ల మీద నుంచి.
కదలదు.
ముప్పై ఏళ్లుగా ఆ తీగలు కలిపేది నేనే.
వాడు ఇంకేమీ అనలేదు.

మర్నాడు వంటింటి బల్ల మీద పరిచాను:
వేలెడంత స్విచ్చు, దాని జోడీ అయస్కాంతం,
పాత టెలిఫోను తీగలా చుట్టలు తిరిగిన కేబులు.
అయస్కాంతం దిడ్డికి, స్విచ్చు చట్రానికి.
రెండూ మొహాలు చూసుకుంటుంటేనే
కరెంటు "సరే" అంటుంది,
మోటారు కదులుతుంది.
కాస్త సందు పడితే చాలు, సరే ఆగిపోతుంది.

"ఎలక తీగ కొరికితే?
చలికి పుటుక్కున తెగితే?"
కాలు చాపుకుని కుర్చీలోంచి వాడు.

అప్పుడూ కదలదురా.
మౌనం అర్ధాంగీకారమన్నది మనుషుల లెక్క.
ఈ తీగ లెక్కలో మౌనమంటే
పూర్తిగా వద్దని.

ఆ మాట తర్వాత ఇద్దరం
చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

దిడ్డి దానంతటదే మూసుకునేలా స్ప్రింగు బిగించాను.
గడపకి పసుపు రంగు.
చీలమండ ఎత్తున కాంతి కన్ను ఒకటి, పిల్లికి కనబడేలా,
కాదు, పిల్లి కనబడేలా.
కింద బర్చ్ దిమ్మె పెట్టి తలుపు దించి చూశాం:
దిమ్మెను ముట్టుకుని,
చెయ్యి కాలినట్టు, వెనక్కి లేచింది.
దిడ్డి తెరిచి, గడప మీద ఖాళీ బకెట్టు పెట్టి
పదిసార్లు నొక్కాం.
బకెట్టు బొంగరమైనా తిరగలేదు.

పదకొండోసారి
బకెట్టు తీసేసి వాడే నిలబడ్డాడు,
కుట్లు విప్పని కాలు ఆ గడప మీదే వేసి.
"నొక్కక్కా."
నా బొటనవేలు నా మాట వినలేదు.
"నొక్కు."

నొక్కాను.

పైన ఎక్కడో టక్‌మని ఒక్క చప్పుడు.
అంతే.
ఏమీ జరగకపోవడం
ఇంత స్పష్టంగా వినిపిస్తుందని నాకు తెలియదు.

ఇప్పుడు జనవరి చలికి చట్రం బిగుసుకుని
అయస్కాంతం వెంట్రుకవాసి పక్కకి తప్పుకుంటుంది.
కారు ఇంజను ఆపకుండా కూర్చుని నొక్కుతాం, నొక్కుతాం,
తలుపు బెల్లంకొట్టిన రాయిలా ఉంటుంది.
ఎవరో ఒకరం తిట్టుకుంటూ దిగి
మోకాలిలోతు మంచులో నడిచి
దిడ్డిని భుజంతో నెట్టి రావాలి.
ఆ ఎవరో ఒకరు ఎవరన్నది
ఇంకా తేలలేదు.
టోపీకి అంటిన గ్రీజు మరక వదల్లేదు.
వాడు అదే పెట్టుకుంటాడు.