బొక్కలాకు

ఓట్లు లెక్కపెట్టింది నేనే.
అట్టపెట్టెలో మూడొందల పన్నెండు చీటీలు.
ఏడు చెల్లలేదు, ఒకదాని మీద
ఎవరో పిల్లాడు ఏనుగుని గీశాడు.
నల్ల రెక్కలు, కింది రెక్కకి అడ్డంగా
తెల్ల చుక్కల వరస: అదే గెలిచింది.
ఇక మీదట మా వార్డుకి గుర్తు.
తీర్మానం టైపు చేసి సంతకానికి పెట్టాను.
"స్థానిక జాతి" దగ్గర ఒక దీర్ఘం ఎక్కువ పడితే
కాయితమంతా మళ్ళీ కొట్టాను.

వారం తిరక్కుండా ఎంవీపీ రైతుబజారు గోడ మీద
మనిషెత్తు సీతాకోకచిలుక.
రంగు ఆరకముందే సముద్రపు గాలి
ఇసక తెచ్చి అద్దింది.
చెయ్యి వేస్తే గరుకు.

సరిగ్గా దాని కిందే
అప్పలకొండ గోనె పరుస్తుంది.
ఆనందపురం నుంచి తొలి బస్సుకి దిగుతుంది
ఒక మూట కరివేపాకు, ఒక బుట్ట నిమ్మకాయలతో.

కళ్ళజోడావిడ కట్ట తిరగేసి చూసి
"బొక్కలున్నాయి, పురుగు కొట్టింది" అని
అక్కడే పడేసి వెళ్ళిపోయింది.
ఆవిడ చీటీ నాకు గుర్తే.
టిక్కు పక్కన "ఎంత ముద్దుగుందో" అని రాసింది.

"ఏటి సేత్తాను బాబూ!
మందు కొడితే ఆకు నున్నగుంటాది, మీరు కొంతారు.
ఒగ్గేత్తే, ఆ కాకిరెట్టలాటి గుంటడు
రెమ్మ రెమ్మంతా తినీసి, పచ్చగా బలిసీసి,
ముట్టుకుంటే నారింజ కొమ్ములు సూపించి
బెదిరిత్తాడు నన్ను. నన్ను!"
పై పన్ను లేని నవ్వు.
తల ఎత్తి గోడకేసి చూసింది.
"ఈడెవుడో నాకు తెల్దు గానీ
మా దొడ్లో తిన్నోడే అయితే
నాకు బాకీ ఉన్నాడు."

జవాబు తోచలేదు.
ఆవిడ పడేసిన కట్ట నేను కొన్నాను.

రాత్రి చారు పోపులో ఆవాలు చిటపటమన్నాయి.
ఆకు దూస్తుంటే వేలికింద
కాకిరెట్ట కదిలింది.

స్టవ్ కట్టేశాను.
"తగు సంరక్షణ చర్యలు గైకొనవలెను."
తీర్మానంలో ఆఖరి వాక్యం. నేనే కొట్టాను,
ఎవరు గైకొనాలో ఎక్కడా రాయలేదు.
హార్లిక్స్ సీసాలో నీళ్ళు పోసి రెమ్మ నిలబెట్టాను.
చారులో కరివేపాకు ఏదని
ఇంట్లో ఎవరూ అడగలేదు.

పొద్దున్నకి ఈనెలు మిగిలాయి.
వాడు ఒక చర్మం విప్పి పక్కన పెట్టి
ఇంకా ఏముందన్నట్టు చూస్తున్నాడు.
ఆఫీసుకి ఆలస్యమైనా
అప్పలకొండ దగ్గరికి వెళ్ళాలి,
ఇంకో కట్టకి.
బొక్కలదే ఇమ్మంటాను.
పద్దు వాడి పేరున రాసుకోమంటాను.