సాక్షి దిబ్బ

ఏప్రిల్ ఆఖరుకు
చెరువు నీళ్లు మోకాటి లోతుకు దిగినప్పుడు
నడుమ ఒక మొరం దిబ్బ తల తేలుస్తది.
కొంగలు దాని మీద నిలబడి ఎండకు రెక్కలార్చుకుంటయి.
దెగ్లూరు నుంచి వచ్చే చేపల గుత్తేదారు
వల చిరుగుతదని దాన్ని తిడతడు.
మా అమ్మ మాత్రం
ఏటా ఒక్కసారి కట్ట ఎక్కి
దాన్ని చూసి దిగేది.

డెబ్బై రెండు.
మంజీరలో ఇసుక తప్ప ఏమీ పారని ఏడు.
సంతకు ఎద్దును తోలుకపోయినోడు
కొనేటోడు లేక
ఎద్దుతోనే తిరిగొచ్చిండు.
అప్పుడు డప్పు కొట్టి చాటిన్రు:
ఊరికి పడమట పాజర్ తలావ్ తవ్వుతరు,
వచ్చినోళ్లందరికీ పని.

అమ్మకు పందొమ్మిదేండ్లు. నేను కడుపుల.
మస్టర్ మీద పేరు మరాఠీల ఎక్కింది,
రుక్మవ్వ కాస్తా రుక్మాబాయి అయింది.
కారకూన్ పిలిచినప్పుడు మొదటి వారమంతా
ఎవరా రుక్మాబాయి అని
అమ్మ కూడా వెనక్కి తిరిగి చూసిందంట.

ఎర్ర మిలో జొన్నలు. ఓడల వచ్చినయన్నరు.
రొట్టె చేస్తే విరిగేది, నమిలితే ఇసుక.
మధ్యాహ్నం దోసెడు సుకడి.
దాంట్ల సగం కొంగున కట్టి ఇంటికి తెచ్చేది,
మిగతా సగం నాకే వచ్చిందని
నేను పెద్దయినంక చెప్పింది.

దేశ్‌ముఖు కోడలు కూడా వచ్చింది,
ముఖం మీదికి కొంగు దించుకొని.
తట్ట అందించే చెయ్యి ఎవరిదో
ఆ ఎండల ఆమె అడగలేదు.
వానలు పడ్డంక అడిగింది.

మట్టిని బ్రాసుల లెక్కన కొలుస్తరు.
తవ్వింది ఎంతో తెలవాలంటే
తవ్వనిది కొంచెం మిగలాలె.
అందుకే గుంత నడుమ ఒక దిబ్బను
నెత్తి మీది గడ్డితో సహా వదిలేస్తరు.
దాని పేరు సాక్షి.
శనివారం ముకాదం దిగంబర్ టేపు పట్టి
సాక్షిని నెత్తి నుంచి కాళ్ల దాకా కొలిచేది.
అంత లోతు, అంత కూలి.

రాత్రికి రాత్రి సాక్షి నెత్తిన
నల్లమట్టి పేర్చి, తొక్కి, మళ్లీ గడ్డి అతికి
ఎత్తు పెంచే జట్లు ఉండేవి.
మా అమ్మ జట్టు ఒక్కసారి చేసింది.
చంద్రభాగ మీద మట్టి పెళ్ల విరిగిపడ్డ వారం అది.
పని ఆగిన రెండు దినాలకు కూలి లేదన్నరు,
చంద్రభాగ పిల్లలకు జొన్నలు కావాలె.
యాభై ఏండ్ల తర్వాత నాకీ సంగతి చెప్తూ
అమ్మ తలుపు దిక్కు చూసింది,
ముకాదం ఇంకా బయట నిలబడ్డట్టు.

ఆ శనివారం కొలత అయింది.
కొలిచినంక సాక్షిని తీసెయ్యాలె.
తీసే లోపల వాన వచ్చింది.
పలుగులు భుజాన వేసుకొని
అందరూ కట్ట మీద తడుస్తూ నిలబడ్డరంట,
నీళ్లు తాము తవ్విన దాంట్లకు దిగుతుంటే
ఒక్కరు కూడా మాట్లాడలేదంట.

తూము దగ్గర చలువరాయి ఉంది.
దాని మీద మంత్రి పేరు, కలెక్టరు పేరు,
రాయి చెక్కినోడి పేరు సుత లేదు.
కింద పదమూడు బావులకు ఊట.
దేశ్‌ముఖు చెరుకుకు కూడా.

అమ్మ పోయిన ఏడాదికి
పూడిక తీయ జేసీబీ వచ్చింది.
నడిపే పోరడు బిహారోడు,
ఇంజన్ ఆపకుండనే అరిచి అడిగిండు,
ఈ దిబ్బ తీసెయ్యాల్నా అని.

నేను ఇంటికి పోయి టేపు తెచ్చిన.
బురదలకు దిగిన.
తొమ్మిదడుగుల సాక్షికి ఇప్పుడు పైకి కనబడేది ఐదే,
మిగతా నాలుగు యాభై ఏండ్ల ఒండ్రు కింద ఉంది.
అక్కడిదాకా తవ్వు, దీన్ని మాత్రం ముట్టకు
అని చెప్పిన.

నెత్తి మీద
ఎర్ర మొరానికి అంటుకొని
జానెడు మట్టి నల్లగ ఉంది.
దాన్ని నేను కొలవలేదు.